మూడు పెట్టెల క్యాలెండరు

ఆశాజ్యోతి ఫోనెత్తితే హలో అనదు. "భీమవరం ల్యాబండీ, ఆశాజ్యోతిని మాట్లాడుతున్నాను" అంటుంది. ఊరి పేరు ముందు, తన పేరు వెనక. ఆవిడ పలికే తీరు వింటే ఇదేదో పెద్ద కోటలాంటి ఆఫీసు కాబోలు అనుకుంటారు అవతలివాళ్లు. తీరా వచ్చి చూస్తే జువ్వలపాలెం రోడ్డులో మేత బస్తాల కొట్టు మీద మూడు గదులు, ఒక ఏసీ, గాజు గొట్టాలు కడుక్కోవడానికో సింకు. రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబు అది. హెడ్డాఫీసు విశాఖపట్నంలో ఉంది. తల ఎక్కడుంటే ఏంటి, కాళ్లూ చేతులూ ఇక్కడే ఉన్నాయి కదా అన్నది ఆశాజ్యోతి లెక్క.

యాభై దాటిన మనిషి. లూథరన్ చర్చి పాటల బృందంలో వెనక వరసలో నిలబడినా ఆవిడ గొంతే ముందు వినిపిస్తుంది. భర్త వీరవాసరంలో లెక్కల మాస్టారు. ఇంట్లో లెక్కలన్నీ ఆయనవి, నిర్ణయాలన్నీ ఈవిడవి. ల్యాబులో ఆవిడ పని చెప్పడానికి చిన్నది. చెరువు రైతు ఫోన్ చేసి, నీళ్లు రంగు మారాయనో రొయ్య మేత ముట్టడం లేదనో చెప్తాడు. టెక్నీషియన్లు ముగ్గురూ మోటారు సైకిళ్ల వెనక పరీక్ష సామాను పెట్టె కట్టుకుని, రోజువారీ చెరువులు తామే ఎంచుకుంటూ ఊళ్లమీద తిరుగుతుంటారు. ఫోన్ వచ్చిన చెరువుకి వాళ్లలో ఎవర్ని పంపాలో ఆవిడ చెప్పాలి. అంతే పని. కానీ ఆ అంతేలో కాళ్ల అనే ఊరికీ కాళ్లకూరుకీ దారి ఎక్కడ చీలుతుందో, వానొస్తే ఏ గట్టు మీద బండి దిగబడుతుందో, ఏ రైతు చిన్నదానికే కంగారుపడతాడో, ఏ రైతు కొంప మునిగినా నిదానంగా మాట్లాడతాడో, అన్నీ ఉన్నాయి.

ఆ పనే విశాఖపట్నం వెళ్లిపోతుందని కబురొచ్చింది.

కబురు తెచ్చింది మంజుష. హెడ్డాఫీసులో అన్ని ఊళ్ల పనులూ చూసే అమ్మాయి. మంచి అమ్మాయే. మాట మెత్తన. "ఆశాజ్యోతిగారూ, మీవాళ్లు ఎప్పుడు ఎక్కడుంటున్నారో ఇక్కడ మాకు ఏమీ తెలియట్లేదండీ. ఒకే ఊరికి ఒకే రోజు ఇద్దరు వెళ్లారని కంప్లైంటు వచ్చింది. మన ఆఫీసు మెయిల్లోనే క్యాలెండర్ ఉంది కదా. ఎవరి క్యాలెండర్ వాళ్లు నింపి, అందరికీ షేర్ చేస్తే చాలు. అది కుదిరితే మీ పని మీ దగ్గరే ఉంటుంది. కుదరకపోతే ఈ సీజన్ నుంచి రైతుల ఫోన్లన్నీ ఇక్కడికే వస్తాయి, ఇక్కణ్ణించే పంపిస్తాం."

"కుదరకపోవడమేంటండీ? భీమవరంలో కుదరందంటూ ఉందా?" అంది ఆశాజ్యోతి. ఫోన్ పెట్టేశాక మాత్రం, సముద్రం ఒడ్డున ఏసీ గదిలో కూర్చున్న ఎవరో తెలియని పిల్ల తమ పెద్ద టెక్నీషియన్ వెంకటపతిరాజు గారిని దారీ తెన్నూ చూడకుండా మొగల్తూరు పంపిస్తున్నట్టు కళ్లకి కట్టి, మంచినీళ్లు తాగింది.

క్యాలెండరు పంచుకోవడం నేర్చుకోవడానికి ఆవిడకి ఎంతోసేపు పట్టలేదు. మెయిల్లో క్యాలెండరు మీద నొక్కి, షేర్ అన్న చోట పేర్లు పెట్టి, పంపడమే. అవతలివాళ్లు సరే అంటే, వాళ్ల తెర మీద మన రోజంతా రంగు పలకల్లా పరుచుకుంటుంది. అయితే ఖాళీగా ఉన్నామో లేదో మాత్రమే చూపించాలా, వివరాలన్నీ చూపించాలా అని అదొక ప్రశ్న అడుగుతుంది. ఆశాజ్యోతి ఏదీ సగం చేసే మనిషి కాదు. వివరాలన్నీ అని నొక్కేసింది. మర్నాడు ఆఫీసుకి వచ్చేసరికి ముగ్గురు టెక్నీషియన్లూ ఫోన్లు చూసుకుని మూతులు బిగించుకుని కూర్చున్నారు. కుర్రాడు శివరామకృష్ణ ఇక ఆపుకోలేకపోయాడు.

"అక్కా, శనివారం పొద్దున్న తలకి రంగంట కదా?"

గదంతా గొల్లుమంది. ఆశాజ్యోతి బ్యాగు బల్ల మీద పెట్టి, "అయితే ఏంటిరా? నేనేమైనా దొంగతనంగా వేసుకుంటున్నానా? చూశావుగా, నా రోజు ఎంత శుభ్రంగా రాసుకున్నానో. నువ్వూ అలా రాయి" అంది.

అక్కడ వచ్చింది తంటా. ఎవరూ రాయరు. పెద్దాయన వెంకటపతిరాజు రాశాడు గానీ, రాసింది ఒకటే మాట. ల్యాబు పెట్టినప్పటి నుంచీ ఉన్న మనిషి. తెల్లచొక్కా మీద నీటి మరక పడనివ్వడు.

"ఏవండీ రాజుగారూ, ఏడాది పొడుగునా పొద్దున్నించి సాయంత్రం దాకా 'పని' అని పెట్టేశారేంటండీ?"

"అబద్ధమా అండీ?"

"అబద్ధం కాదండీ. పని ఎక్కడో రాయాలి కదా."

"పని ఉన్న చోట" అన్నాడాయన, ఎంతో మర్యాదగా.

పైవాళ్లు అడుగుతున్నారని, మన ఆఫీసు పరువని, ఇంకా చాలా చెప్పింది. చివరికి ఆ వారం నుంచి ఊళ్ల పేర్లు పడటం మొదలైంది. శివరామకృష్ణ ఉండి, మూడో టెక్నీషియన్ రాజ్ కుమార్ ఆకివీడు, వెంకటపతిరాజు పాలకొల్లు. తెరంతా పసుపూ నీలం ఎరుపూ పలకలు. విశాఖపట్నం నుంచి మంజుష మెచ్చుకుంటూ మెయిల్ రాసింది. ఆశాజ్యోతి దాన్ని నిలబడి బయటికి చదివింది. కింద మేత కొట్టువాడికి కూడా వినబడేలాగే చదివింది. వింటున్న ముగ్గురూ ఎందుకో నేల చూపులు చూశారు. సిగ్గు కాబోలనుకుంది ఆవిడ.

సిగ్గే. కాకపోతే వేరే రకం సిగ్గు.

ఒక ముసురు పట్టిన ఉదయం ఉండి నుంచి శ్రీనివాసరాజు అనే చెరువు రైతు ఫోన్ చేశాడు. "అమ్మా, రొయ్య పైకి తేలిపోతోందండీ. గట్టు పక్కంతా మీసాలే కనిపిస్తున్నాయి. ఎవర్నన్నా పంపండమ్మా, నా కొంప ములిగిపోద్ది."

ఆశాజ్యోతి తెర చూసింది. ఉండి అని శివరామకృష్ణ పలక మీద స్పష్టంగా ఉంది. "కంగారుపడకండి రాజుగారూ. మావాడు మీ ఊళ్లోనే ఉన్నాడు. వచ్చేస్తున్నాడు" అంది. ఎంత ధీమాగా అందో! వెంటనే శివరామకృష్ణకి ఫోన్ చేసింది.

"ఉండిలో ఎక్కడున్నావురా?"

"ఉండేంటక్కా? మొగల్తూర్లో ఉన్నాను."

"క్యాలెండర్లో ఉండి అని ఉందిగా?"

"అది... ఊరికే అలా రాశానక్కా."

ఆకివీడు అని రాసిన రాజ్ కుమార్ నరసాపురంలో ఉన్నాడు. ఇక పాలకొల్లు అని రాసిన వెంకటపతిరాజు కాళ్ల ఊరి పక్కన చెరువు గట్టు మీద ఉన్నాడు. ఉండికి అందరికంటే దగ్గరున్నది ఆయనే. క్యాలెండరు నమ్ముకుని ఆశాజ్యోతి ఆయనకే ఆఖరున ఫోన్ చేసింది. ఆయన వెళ్లేసరికి శ్రీనివాసరాజు పక్కచెరువుల నుంచి నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు అడిగి తెచ్చుకుని, సగం దాకా తనే నెట్టుకొచ్చాడు. రొయ్య కొంత పోయింది, చాలావరకూ దక్కింది. కానీ మాట దక్కలేదు. "మీ ఊళ్లోనే ఉన్నాడన్నావమ్మా. నే గట్టు మీద నిలబడి దారి చూస్తానే ఉన్నాను" అన్నాడాయన. ఆయన విశాఖపట్నానికి కూడా చెప్పాడు. ఈ నెలాఖరు దాకా చూస్తామని, తర్వాత ఫోన్లు తామే తీసుకుంటామని మంజుష రాసింది. ఆ మెయిల్ని ఆశాజ్యోతి ఎవరికీ చదివి వినిపించలేదు.

సాయంత్రం ముగ్గుర్నీ కూర్చోబెట్టింది. బజ్జీలు తెప్పించింది. తిట్టేటప్పుడు ఎదుటి మనిషి ఖాళీ కడుపుతో ఉండకూడదని ఆవిడ నియమం.

"ఇప్పుడు చెప్పండి. ఒక ఊరికి వెళ్తూ ఇంకో ఊరు ఎందుకు రాశారు?"

వెంకటపతిరాజు బజ్జీ పక్కన పెట్టి, "జ్యోతిగారూ, బయల్దేరే మనిషిని ఎక్కడికని అడుగుతారా ఎవరన్నా?" అన్నాడు.

"ఎవరు అడిగారండీ?"

"ఆ క్యాలెండరు. రోజూ పొద్దున్నే అడుగుతోంది. పైగా విశాఖపట్నంలో ఉన్నవాళ్లకి కూడా చెప్పమంటోంది. మా పెద్దత్త ఓసారి నే చెప్పులేసుకుంటుంటే ఎక్కడికిరా అంది. నిడదవోలులో రైలు మారాలి. మారానండీ. మారిన రైలు వచ్చిన వైపే తీసుకెళ్లింది. ఉద్యోగం ఇంటర్వ్యూ అది."

"రైలు చూసి ఎక్కొచ్చు కదండీ."

"అదే మా పెద్దత్తా అంది" అన్నాడాయన. శివరామకృష్ణ నవ్వబోయి దగ్గాడు.

నవ్వే విషయమే, కాదనం. కానీ కొంచెం ఆగి చూడాలి. ఈ పట్టింపు గోదావరి ఒడ్డున ఈనాడు పుట్టింది కాదు. పడవల రోజుల్లో కాలవ గట్టున ఎదురైనవాళ్లు కూడా దూరమా, దగ్గరా అని చుట్టు తిప్పి అడిగేవారే గాని ఊరడిగేవారు కాదు. ఇంత దేశంలో ఆ మాట మొహమ్మీదే అడిగి బతికి బట్టకట్టగలిగినవాడు బస్సు కండక్టరు ఒక్కడే. అతను కూడా డబ్బులు తీసుకుని, చీటీ ఇచ్చి పాపం దులిపేసుకుంటాడు. చెరువుల మీద బతికేవాళ్లకైతే ఈ నమ్మకాలు ఇంకో పిడికెడు ఎక్కువ. వరి చేను గట్టు మీద నిలబడితే కనిపిస్తుంది, పచ్చగా ఉందో ఎర్రబడిందో తెలుస్తుంది. రొయ్య కనిపించదు. కనిపించని పంటని కాపాడేందుకు బయల్దేరే మనిషి శకునం చూసుకున్నాడంటే అందులో తెలివితక్కువతనం కంటే భయమే ఎక్కువ. పైగా ఈ ముగ్గురికీ ఉద్యోగం మీదా గౌరవమే, ఆశాజ్యోతి మీదా గౌరవమే. రాయమంది కాబట్టి రాశారు. దిష్టి తగలకుండా వేరే ఊరు రాశారు. రెండు వైపులా మర్యాద నిలబెట్టామనుకున్నారు.

ఆశాజ్యోతి కూడా నవ్వలేదు. తనకిలాంటి పట్టింపులు లేవని అందరికీ చెప్తుంది. కానీ తండ్రి ఏసురాజు కాలవ నీళ్లు వదిలే లస్కరుగా పనిచేసేవాడు, తూము తలుపుల తాళాలు భుజాన వేసుకుని బయల్దేరుతుంటే తల్లి దేవకుమారి గుమ్మంలో నిలబడి చూసేది గాని నోరు విప్పేది కాదు. ప్రార్థన చేసుకునే ఇల్లే. అయినా అంతే.

తండ్రి తలపుకొచ్చాక ఆవిడ బుర్ర అక్కడే తిరగడం మొదలెట్టింది. ఎండలు ముదిరి కాలవలో నీరు తగ్గితే వంతులు వేసేవారు. అసలు పదిమంది కాలాన్ని పంచుకోవడం డెల్టాకి కంప్యూటరు వచ్చి నేర్పాలా? ఒకరి చేను తడుస్తుంటే ఇంకొకరి చేను ఎదురుచూడటం, కర్రలూ గొడ్డళ్లూ బయటికి రాకుండా అది జరగడం చిన్న విద్య కాదు. ఆ విద్యలో ఒక కిటుకుంది. వంతు ఏ రైతు పేరు మీదా ఉండేది కాదు. తూము పేరు మీద ఉండేది. ఇవాళ చింతలతూము, రేపు కొత్తతూము. ఎవరి వంతని అడిగితే కొట్లాట. ఏ తూము వంతని అడిగితే సమాధానం.

మర్నాడు మంజుషకి తనే ఫోన్ చేసింది. జరిగిందంతా దాచకుండా చెప్పింది. అవతల చిన్నగా నవ్వు వినిపించింది.

"మా అమ్మమ్మ కూడా అంతేనండీ. నేను ఆఫీసుకి బయల్దేరితే 'త్వరగా రా' అంటుంది, అంతకుమించి మాట్లాడదు. కానీ నేను ఇక్కడ పైవాళ్లకి అమ్మమ్మ సంగతి చెప్పలేను కదండీ. ఇక్కడ మనుషులే కాదు, కాన్ఫరెన్స్ హాలుకి కూడా క్యాలెండర్ ఉంటుంది. హాలు ఎప్పుడు ఖాళీయో చూసి..."

"ఆగండాగండి. హాలుకి మెయిల్ ఉంటుందా?"

"ఉంటుందండీ. హాలుకి ఇన్విటేషన్ పంపితే అదే ఒప్పుకుంటుంది. కార్లకి కూడా పెడతారు కొన్ని చోట్ల."

"మరి పెట్టెకి?"

"ఏ పెట్టెకండీ?"

"మా పరీక్ష పెట్టెకి. మీటర్లూ మందులూ ఉండే పెట్టె. మూడున్నాయి మాకు. మనిషి లేకుండా పెట్టె కదలదు, పెట్టె లేకుండా మనిషి వెళ్లడు."

ఈసారి నవ్వలేదు మంజుష. "పెట్టొచ్చండీ" అంది నెమ్మదిగా. "ఎందుకు పెట్టకూడదు?" ఆ పూటే మూడు కొత్త ఖాతాలు తెరిచింది. పసుపు పెట్టె, నీలం పెట్టె, ఎర్ర పెట్టె.

వెంకటపతిరాజు అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాడు. "పెట్టె నా బండి మీదే కదండీ వెళ్లేది?" అన్నాడు.

"బస్సు నుదుటి మీద ఊరి పేరు రాసుకుని తిరుగుతుంది కదండీ. నర్సాపురం అని బోర్డు పెట్టుకుని నర్సాపురమే వెళ్తోంది. దానికేమన్నా అయిందా? దాంట్లో కూర్చున్న మిమ్మల్ని ఎవరన్నా ఏమన్నా అడుగుతున్నారా?"

ఆయన పెట్టెని ఓసారి చుట్టూ తిరిగి చూశాడు. "సామానుకైతే చెప్పొచ్చు" అన్నాడు. "సామానుకి అడ్రస్ రాసే కదా పంపిస్తాం. తప్పులేదు." అని తన నీలం పెట్టెకి పసుపు రాసి బొట్టు పెట్టాడు. రాజ్ కుమార్ ఎర్ర పెట్టె మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. శివరామకృష్ణ తన పెట్టె మీద సినిమా హీరో బొమ్మ అంటించాడు. ఎవరి భక్తి వారిది. ఆశాజ్యోతి మనుషుల క్యాలెండర్లలో ఉన్న అబద్ధపు ఊళ్లన్నీ తుడిపేసి, పెట్టె ఎటు వెళ్తోందని వాళ్లని అడిగి పెట్టెలకి ఊళ్లు రాయడం మొదలుపెట్టింది. విచిత్రమేంటంటే, పెట్టె పేరు మీద ఒక్క తప్పుడు ఊరూ పడలేదు. దారి మారితే వాళ్లే చెప్పేవారు. "అక్కా, పసుపు పెట్టె కలిదిండి వెళ్లట్లేదు, ఏలూరుపాడులోనే ఉండిపోయింది" అనేవాడు శివరామకృష్ణ, తనకేమీ సంబంధం లేనట్టు.

నెలాఖరు దగ్గరపడింది. విశాఖపట్నంలో మంజుష, ఆమె పైవాళ్లు ఆ మూడు పెట్టెల్నీ తెర మీద చూస్తూనే ఉన్నారు. ఆ సంగతి ఆశాజ్యోతికి తెలుసు. మళ్లీ ముసురు పట్టింది. గాలి లేదు, ఎండ లేదు. చెరువుల్లో ఊపిరి తగ్గే వాతావరణం. ఫోన్ మోగింది.

"ఉండి నుంచి శ్రీనివాసరాజునమ్మా. మళ్లీ తేలుతోంది. ఈసారన్నా నిజం చెప్తారా?"

ఆ మాట గుచ్చుకోవలసిన చోట గుచ్చుకుంది. ఆశాజ్యోతి తెర చూసింది. నీలం పెట్టె మహదేవపట్నంలో ఉంది, ఉండి పక్కనే. అలవాటుగా చెయ్యి వెంకటపతిరాజు నంబరు మీదికి వెళ్లింది. ముందు ఆయన్ని అడిగి, నిజంగా అక్కడే ఉన్నాడని తేల్చుకుని, అప్పుడు రైతుకి మాటివ్వొచ్చు. కానీ అడిగి తెలుసుకోవాల్సి వస్తే ఈ పలకలు ఎందుకు? నమ్మితే ఇప్పుడే నమ్మాలి. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నీలం పెట్టె మీ పక్క ఊళ్లో ఉందండీ. మేత ఆపించి, ఉన్న ఏరేటర్లన్నీ వేయించండి. మీరు రోడ్డు వైపు గట్టు మీద నిలబడండి. బండి మీద నీలం పెట్టె కనిపిస్తుంది."

"నిలబడమంటారా?" అన్నాడాయన. పాత మాట ఇద్దరికీ గుర్తుంది.

"నిలబడండి" అంది.

ఆ తర్వాత వెంకటపతిరాజుకి ఫోన్ చేసి, "నీలం పెట్టె ఉండి వెళ్లాలండీ, శ్రీనివాసరాజు గారి చెరువుకి" అని మాత్రం చెప్పింది. "వెళ్తోందండీ" అన్నాడు. బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది.

వేరే ఫోన్లు వచ్చాయి. తీసింది. నీలం పెట్టె వదిలిన మహదేవపట్నం వైపు ఎర్ర పెట్టె పలకని జరిపింది. గొంతు మామూలుగానే ఉంది గాని చేతిలో పెన్ను మూత తీసి పెట్టడం, తీసి పెట్టడం. కింద కొట్టువాడు టీ పంపిస్తే చల్లారిపోయింది.

చివరికి ఉండి నుంచి ఫోన్. వెంకటపతిరాజు. "ఆక్సిజన్ బాగా పడిపోయిందండీ. గుళికలు చల్లించాను, ఏరేటర్లు తిరుగుతున్నాయి. రొయ్య కిందకి దిగుతోంది. రాజుగారు మీతో మాట్లాడతారంట."

శ్రీనివాసరాజు గొంతు ఏరేటర్ల చప్పుడులోంచి వచ్చింది. "అమ్మా, నేను గట్టెక్కి నిలబడ్డానో లేదో వచ్చేశాడమ్మా. ఒక్క రొయ్య పోలేదు. మావాళ్లందరికీ మీ నంబరే ఇస్తాను."

"ఇవ్వండి" అంది ఆశాజ్యోతి. ఫోన్ పెట్టేసి, అద్దంలో చూసుకున్నట్టుగా తెర వంక చూసుకుంది. నీలం పలక ఉండి మీద కూర్చుని ఉంది. అక్కడ నిజంగానే ఒక పెట్టె ఉంది, పెట్టె పక్కన ఒక మనిషి ఉన్నాడు. చెరువుల మీద బతికే ఇంతమంది ఇళ్లల్లో ఇవాళ వెలుగు ఉండటానికి ఆ పలక చాలు అనిపించింది ఆవిడకి.

మధ్యాహ్నం మంజుష ఫోన్ చేసింది. ముగ్గురూ అప్పుడే అన్నాలకి వచ్చారు. ఆశాజ్యోతి స్పీకర్ పెట్టింది.

"పొద్దున్నించీ ఇక్కడ అందరం చూస్తూనే ఉన్నామండీ. నీలం పెట్టె ఉండి వెళ్లడం, ఎర్ర పెట్టె దాని చోటికి జరగడం. మా సార్ అయితే లేచి నిలబడి చూశారు. భీమవరం ఫోన్లు భీమవరంలోనే ఉంటాయి. రాతపూర్వకంగా పంపిస్తున్నాను. తుని ల్యాబు వాళ్లకి కూడా ఇలాగే పెట్టాలనుకుంటున్నాం, మీరు చూపించాలి. అన్నట్టు, పెట్టెల క్యాలెండరు మార్చే హక్కు ఇక్కడ మాకూ ఒకటి ఇవ్వండి. అవసరమైతే మేమూ ఒక ఊరు కలుపుతాం."

ఆశాజ్యోతి ముగ్గురి వైపూ చూసింది. శివరామకృష్ణ వద్దన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు.

"తుని వాళ్లకి తప్పకుండా చూపిస్తానండీ. మీకు చూసే హక్కు పూర్తిగా ఉంది, ఎంతసేపైనా చూడండి" అంది. "కలపాల్సిన ఊరేదన్నా ఉంటే మాత్రం ఒక్క ఫోన్ చేయండి. గట్టు తడిగా ఉందో లేదో ముందు మేం చూసుకోవాలి కదండీ."

అవతల మంజుష పెద్దగా నవ్వి సరేనంది.

వెంకటపతిరాజు క్యారేజీ మూత తీస్తూ, "బాగా చెప్పారండీ" అన్నాడు. జీవితంలో ఎవర్నీ ఎదురుగా మెచ్చుకోని మనిషి. తన క్యారేజీలోంచి రొయ్యల వేపుడు గిన్నె తీసి ముందు ఆవిడ వైపు జరిపాడు.